బ్యాటరీ దీపం వెలిగిన కారులో హంసలదీవికి

మా ఆయన ముప్పై మూడేళ్లు బళ్లో భూగోళం చెప్పారు. ప్రొద్దుటూరు చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా ఒకరిద్దరు ‘సార్, నేను మీ దగ్గర చదివినా’ అంటూ ఎదురొస్తారు. కృష్ణానదిని ఆయన శ్రీశైలంలో చూశారు, బెజవాడలో చూశారు. హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసే చోటు మాత్రం చూడలేదు. ఆయన రిటైరయ్యేనాటికి పోస్టాఫీసులో నాకింకా ఆరేళ్ల ఉద్యోగం ఉంది. నేను బయటికొచ్చేసరికి ఆయన ఊపిరితిత్తులు గట్టిపడడం మొదలైంది.

‘ఎక్కడికైనా వెళ్లాలనుంటే ఈ ఏడే వెళ్లిరండి సార్’ అన్నాడు డాక్టరు. అని, మా వైపు కాకుండా గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. నాకు అర్థమైంది. ఆయనకీ అయ్యే ఉంటుంది. ఇంటికి రాగానే మ్యాపు తీసి మంచం మీద పరిచారు.

ఆయనకు భుజానికి తగిలించుకునే ఆక్సిజన్ మిషను ఉంది. కదలకుండా కూర్చుంటే కొంతసేపు అది లేకపోయినా ఫర్వాలేదు. నాలుగడుగులు నడిచినా, పడుకున్నా అది ఉండాల్సిందే. నిండుగా ఛార్జింగు ఉంటే దాని మీద నాలుగు గీతలు కనిపిస్తాయి. మూడు గంటల పైన వస్తుంది. గోడ ప్లగ్గులో పెట్టొచ్చు, కారు సాకెట్లోనూ పెట్టొచ్చు. డ్రైవింగు నేను యాభై ఏడో ఏట నేర్చుకున్నాను. మాది పదిహేనేళ్ల నాటి చిన్న పెట్రోలు కారు. దారి పొడుగునా కారే మిషనుకు కరెంటు ఇస్తుంది, ఇంక భయమేముంది అనుకుని బయల్దేరాం.

గుడివాడ

బెజవాడ దాటి గుడివాడ దారి పట్టాక ఎటు చూసినా నీళ్లే. రోడ్డు పక్కనే కాలువ, కాలువ పక్కనే చేను, చేను అవతల మళ్లీ కాలువ. మా వైపు ఆరొందల అడుగులు బోరు వేసి, నీళ్లు పడితే టెంకాయ కొడతాం. ఇక్కడ గేదెలు మెడలోతు నీళ్లలో కూర్చుని నెమరేస్తున్నాయి.

‘శారదా, ఎర్రలైటు వెలగతాంది’ అన్నారాయన. స్పీడు ముల్లు పక్కన బ్యాటరీ బొమ్మ. వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది.

గుడివాడలో టిఫిను హోటలు ముందు ఆపాం. నేతి ఇడ్లీ, మీద కారప్పొడి, పక్కన అల్లం చట్నీ. ప్లేటు నలభై. మా ఊరి ఎర్రకారం దోశ తిని పెరిగిన నాలుకకి ఈ అల్లం చట్నీలో బెల్లం ఎందుకో మొదట అర్థం కాలేదు. రెండో ప్లేటు చెప్పేసరికి అర్థమైంది. ‘ఇంకొంచెం వెయ్యమంటారా అండీ?’ అని వడ్డించేవాళ్లు వంగి అడుగుతుంటే, మా ఆయన ప్రతిసారీ మొహమాటపడి ‘వెయ్యండి’ అన్నారు.

తిని వచ్చి తాళం తిప్పితే ‘టక్’ మన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. హోటలాయనే పక్క వీధిలోంచి బ్యాటరీల షాపతన్ని పిలిపించాడు. అతను బ్యాటరీ మీద చిన్న పరికరం పెట్టి చూసి, ‘లైఫ్ అయిపోయిందండీ. ఎన్నేళ్లయింది వేసి?’ అన్నాడు. నాలుగేళ్లు. ‘మరి ఇంకేంటండీ!’ అన్నాడు. అతనిలో మోసమేం కనపడలేదు. కొత్త బ్యాటరీ వేశాడు, పాతదానికి కొంత తగ్గించాడు, అద్దం కూడా తుడిచాడు. తాళం తిప్పగానే కారు గుర్రంలా లేచింది.

ఆ రాత్రికి గుడివాడ లాడ్జిలోనే ఉన్నాం. మిషను గోడకి, మేం మంచానికి.

బంటుమిల్లి దారిలో

పొద్దున బయల్దేరుతూ మిషను కారు సాకెట్లో పెట్టాను. బంటుమిల్లి వైపు వెళ్లేకొద్దీ చేలు తగ్గి చెరువులు పెరిగాయి. చెరువంటే మన ఊరి చెరువు కాదు. గట్లు కట్టిన రొయ్యల మళ్లు. వాటిలో చక్రాలు గిరగిరా తిరుగుతూ నీళ్లు చిమ్ముతున్నాయి. ‘అదేందో పోయి చూద్దాం’ అంటున్నారాయన. అంతలో ఎర్రదీపం నిండుగా వెలిగింది. ఈసారి ఆరలేదు. కాసేపటికి హారను గొంతు పూడుకుపోయింది. మిషను ‘కీ’ మని అరిచి, ఛార్జింగు తీసుకోవడం మానేసింది. ఇంకో కిలోమీటరు పోయాక కారు తనంతట తనే ఒక గట్టు పక్కన ఆగిపోయింది.

సాకెట్ కరెంటు మొదట్నుంచీ సరిగా ఎక్కనట్టుంది, మిషనులో రెండే గీతలు. చుట్టూ నీళ్లు, మీద ఎండ. తీసుకొచ్చింది నేనే కదా అనుకున్నాను.

గట్టు మీంచి లుంగీ ఎగ్గట్టిన ఒకాయన గబగబా వచ్చాడు. పేరు సాంబశివరావు. ఆ చెరువు ఆయనదే. కారు సంగతి చెప్పబోతుంటే ఆయన చూపు మా ఆయన ముక్కు దగ్గరి గొట్టం మీద పడింది.

‘ముందు అది ప్లగ్గులో పెట్టాలి కదండీ? రండి, రండి. కారు ఎక్కడికీ పోదు’ అన్నాడు.

గట్టు మీద రేకుల షెడ్డు. అందులో ఒక మంచం, ఫ్యాను, పెద్ద జనరేటరు. మా ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి, మిషను ప్లగ్గులో పెట్టి, పచ్చదీపం వెలిగాక గాని సాంబశివరావు ఊపిరి పీల్చుకోలేదు.

‘మా రొయ్యలదీ ఇదే గొడవ మాస్టారూ. ఆ చక్రాలు ఆగాయంటే నీళ్లలో గాలి ఉండదు. గంట చాలు, చెరువంతా తేలిపోద్ది. అందుకే కరెంటుకి జనరేటరు, ఆ జనరేటరుకి ఇంకో జనరేటరు. నాకు పెళ్లయిన కాడి నుంచీ నిద్రలో కూడా ఆ చప్పుడు వింటానే ఉంటాను. ఆగితే మెలకువ వచ్చేస్తది.’

మా వైపు టీచరంటే ‘సార్’. ఇక్కడ నోరు తెరవకముందే ‘మాస్టారు’ అయ్యారు. పావుగంటలో ‘బావగారు’ అయ్యారు, నేను ‘అక్కగారి’నయ్యాను. సాంబశివరావు భార్య పద్మ గారు ఇంటి నుంచి క్యారేజీ పంపించారు. గోంగూర రొయ్యలు, ముద్దపప్పు, గడ్డపెరుగు. మా ఆయన ఏనాడూ అంత అన్నం తినగా నేను చూడలేదు. తింటూనే చెరువులో ఉప్పు ఎంత ఉండాలి, ఎన్ని నెలలకి పడతారు అని పాఠం అడిగి చెప్పించుకున్నారు.

జనరేటరు బ్యాటరీకి వాడే ఛార్జరుతో సాంబశివరావు మా కారు బ్యాటరీకి రెండు గంటలు కరెంటు ఎక్కించాడు. ‘నిన్న వేసిన బ్యాటరీ ఇవాళ పోదండీ. తినేది ఎక్కువ, వచ్చేది తక్కువ. బందరులో కరీముల్లా గారని ఉన్నారు, మా జనరేటర్లన్నీ ఆయన చేతి మీదే. తిన్నగా ఆయన దగ్గరికి వెళ్లండి. ఏసీ వద్దు, లైట్లు వద్దు, సాకెట్లో ఏమీ పెట్టొద్దు. హారను కూడా మరీ అవసరమైతేనే.’

డబ్బు గురించి నేనింకా నోరెత్తకుండానే ఆయన గట్టు మీదికి వెళ్లిపోయాడు.

బందరు

మచిలీపట్నాన్ని అక్కడివాళ్లెవరూ మచిలీపట్నం అనరు. బందరే. హారను కొట్టకుండా ఆ సందుల్లో కారు నడపడం ఎంత కష్టమో మీరెప్పుడైనా ప్రయత్నించి చూడండి.

కరీముల్లా గారికి అరవై దాటి ఉంటాయి. తెల్ల గడ్డం, మెడలో తాడు కట్టిన కళ్లజోడు. కోనేరు సెంటరుకు దగ్గర్లో సందులో చిన్న షెడ్డు. కథంతా విని, ఏ పనిముట్టూ తీయకుండా ముందు అడిగింది ఒకటే.

‘ఎర్రలైటు ఎలా వెలిగిందమ్మా? నిండుగానా, మసగ్గానా?’

‘నిండుగా.’

‘మంచి మాట చెప్పారు.’

అరచేతిలో పట్టే మీటరు తీశారు. దాని ఎర్ర ముల్లు, నల్ల ముల్లు బ్యాటరీ రెండు మొనల మీదా ఆనించారు. ఇంజను ఆపి ఉన్నప్పుడు పన్నెండు చూపించింది. ఇంజను స్టార్టు చేయించి మళ్లీ పెట్టారు. పదకొండు పాయింటు తొమ్మిది.

‘నడిచేటప్పుడు ఇది పద్నాలుగు దాటాలమ్మా. ఇంజను తిరుగుతుంటే బెల్టు ఆల్టర్నేటర్ని తిప్పుద్ది. అది కరెంటు పుట్టించి బ్యాటరీకి ఇవ్వాలి. ఇక్కడ పుట్టడమే లేదు. గుడివాడాయన తప్పేం లేదులెండి. ఖాళీ బిందెని చూసి పగిలిన బిందె అనుకున్నాడు.’

బెల్టు వేలితో నొక్కి చూశారు. బిగువుగానే ఉంది. ఇంజను ఆపి, తాళం ఒక్క మెట్టు మాత్రం తిప్పమని, ఒక స్క్రూడ్రైవరు మొన ఆల్టర్నేటరు వెనకభాగానికి దగ్గరగా పెట్టారు. ‘ఇది అయస్కాంతంలా లాగాలి. లాగట్లేదు చూడండి. లోపల కార్బన్లు అరిగిపోయాయి.’

విప్పి చూపిస్తే నిజమే. రెండు కార్బన్ ముక్కలు, ఒకటి చిటికెన వేలి గోరంత కూడా లేదు. ‘ఇవి మార్చి బిగించడానికి రెండు గంటలు. ఈలోగా వెళ్లి హల్వా తినిరండి. బందరు వచ్చి నా షెడ్డులో కూర్చుంటే ఊరికి అవమానం’ అన్నారు.

వెళ్లాం. వేడివేడి హల్వా ఆకులో పెట్టిచ్చారు, వేళ్లకి నెయ్యి అంటుకుంది. తొక్కుడు లడ్డు అరకిలో కట్టించాను. మిషను మెడికల్ షాపులో ప్లగ్గు అడిగి పెట్టాం. షాపాయన స్టూలు తెచ్చి ఫ్యాను కింద వేశాడు. బందరులో ఎవరిని ఏం అడిగినా ముందు కూర్చోమంటారు.

తిరిగొచ్చేసరికి కారు సిద్ధంగా ఉంది. కరీముల్లా గారు మీటరు నా చేతికే ఇచ్చారు.

‘మీరు పెట్టండమ్మా.’

‘నాకెందుకండీ?’

‘మాస్టారి ఊపిరి మీ చేతిలో ఉంది. మీటరు మాత్రం నా చేతిలో ఎందుకు?’

పెట్టాను. పద్నాలుగు పాయింటు రెండు. చేతిలో చిన్న అంకెలు వెలుగుతుంటే టెంత్ పాసైనప్పటి సంతోషం కలిగింది. ఆయన అక్కడితో వదల్లేదు. ఆల్టర్నేటరు వెనక లావు తీగ బిగించిన నట్టు ఎక్కడుందో చూపించి, అక్కడ ఒకసారి, బ్యాటరీ దగ్గర ఒకసారి కొలిపించారు. ‘రెండు చోట్లా ఇంచుమించు ఒకటే రావాలి. లైటు నిండుగా వెలిగితే కరెంటు పుట్టలేదని. మసగ్గా వెలిగితే పుట్టింది గాని చేరట్లేదని. అప్పుడు దారిలో వెతుక్కోవాలి. ఇంకోటి, ఇంజను తిరుగుతుండగా ప్లస్ మీద స్పానరు పెట్టకండి. నిప్పులు రాలతాయి.’ ఆ పాత మీటరు నాకే అమ్మేశారు, అదీ నేను బతిమాలితే.

ఆ రాత్రి లాడ్జిలో నేను ఖచ్చితంగా చెప్పాను. ‘ఇంక చాలు, ఇంటికి పోదాం. బంటుమిల్లి కాడ ఆయన లేకపోయింటే ఏమయ్యుండేది?’

ఆయన వాదించలేదు. మ్యాపు మడతపెట్టి సంచిలో పెట్టేశారు. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన వాదించకపోవడం చూసింది చాలా తక్కువసార్లు. అటు తిరిగి పడుకున్నారు. మిషను చప్పుడు వింటూ నేను చాలాసేపు మేలుకునే ఉన్నాను.

చల్లపల్లి మీదుగా

పొద్దున్నే బందరు దాటే చోట కారు బెజవాడ వైపు కాకుండా, హంసలదీవికి పోయే చల్లపల్లి దారి వైపు తిప్పాను. ఆయన మెల్లగా సంచిలోంచి మ్యాపు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

చల్లపల్లిలో కాఫీ తాగాం. ఆగిన ప్రతి చోటా నేను బానెట్ ఎత్తి మీటరు పెట్టడం మొదలుపెట్టాను. చీరకట్టుకున్న తెల్లజుట్టు మనిషి ఇంజనులోకి వంగి ఉంటే జనం ఆగి చూస్తారు. ఒకాయన ‘ఏం కనిపెట్టారండీ?’ అన్నాడు. ‘పద్నాలుగు’ అన్నాను. ‘బాగుందండీ’ అని ఎంతో మర్యాదగా వెళ్లిపోయాడు.

పులిగడ్డ దగ్గర మా ఆయన బలవంతంగా ఆపించారు. అక్కడ కృష్ణ పాయ మీదుగా కాలువను కట్టి దాటించారు. కింద నది, పైన కాలువ. వంతెన మీద మనుషులు దాటడం చూశాం గాని, నీళ్లు నీళ్లను దాటడం ఎప్పుడూ చూడలేదు. ‘దీవిసీమకు తాగే నీళ్లు, సాగు నీళ్లు దీని మీద పోయేవి’ అంటూ అక్కడ నిలబడి పావుగంట చెప్పారు. విన్నది నేనూ, ఒక మేకల కాపరీ. ఆ సాయంత్రం అవనిగడ్డలో దిగాం.

కోడూరు దాటాక

మర్నాడు కోడూరు దాటి హంసలదీవి దారిలో ఉండగా మబ్బు కమ్మింది. ముందు గాలి లేచింది. అలాంటి గాలి మా వైపు రాదు. కొబ్బరిచెట్లు జుట్టు విరబోసుకున్నట్టు ఒక పక్కకి వాలిపోయాయి. ఆ వెనకే వాన. వైపర్లు వేశాను, లైట్లు వేశాను. మిషను సాకెట్లో ఉంది.

చీకటి పడినట్టు కాకపోయి ఉంటే దాన్ని గమనించేదాన్నే కాదు. బ్యాటరీ బొమ్మ లోపల ఎక్కడో సన్నగా, నిప్పు మీద నివురు కప్పినట్టు ఎర్రగా ఉంది. కాసేపటికి వైపర్లు నీరసించాయి. మిషను ‘కీ’ మంది.

రోడ్డు పక్కన పది పదిహేను ఇళ్లు. మొదటి ఇంటి అరుగు మీద ఒకామె వల బాగుచేసుకుంటూ కూర్చుని ఉంది. ఇంజను ఆపకుండానే కారు అక్కడ నిలబెట్టాను. కారు దగ్గర్నుంచి అరుగు దాకా ఆరడుగులుంటుంది. అంత దూరం నడిచేసరికి మా ఆయన పెదాలు నల్లబడ్డాయి.

ఆమె పేరు నాగమణి. చేపలు కొని కోడూరు, అవనిగడ్డ తీసుకెళ్లి అమ్ముతుంది. ప్లగ్గు అడిగితే లోపలికి వెళ్లి స్విచ్చులన్నీ వేసి చూసి వచ్చింది.

‘కరెంటు పోయింది అక్కా. గాలొస్తే ముందు అదే పోద్ది.’

‘రొయ్యల చెరువులేమైనా దగ్గర్లో ఉన్నాయా? జనరేటరు?’

‘ఎనక్కి పోతే ఉన్నాయి. మీ ఎనకే తుమ్మచెట్టు పడింది రోడ్డుకి అడ్డంగా. మగోళ్లంతా ఇప్పుడే గొడ్డళ్లు తీసుకుని అటు పోయారు. గంటో గంటన్నరో పట్టుద్ది. ముందుకి పోతే ఇంక సముద్రవే.’

ఫోనులో సిగ్నలు లేదు. పొద్దున్నుంచీ సాకెట్ కరెంటు సరిగా ఎక్కినట్టు లేదు, మిషనులో ఒక గీత. అది అరగంటకు మించి రాదు. నేను చూస్తుండగానే మా ఆయన చెయ్యి చాపి మిషను ఆపేశారు.

‘ఊరికే కూచోనుంటే నాకేం కాదులే. ఇది దాచి పెడదాం. నువ్వు పోయి చూడు’ అన్నారు. ఒక్కొక్క ముక్కకీ మధ్య ఊపిరి తీసుకుంటున్నారు.

సంచిలోంచి మీటరు తీశాను. నాగమణి గొడుగు పట్టుకుని నా వెంట వచ్చింది. ఇంజను తిరుగుతూనే ఉంది. బ్యాటరీ మీద పెట్టాను. పదకొండు పాయింటు తొమ్మిది. మళ్లీ అదే అంకె. మళ్లీ కార్బన్లు పోయాయేమో, కరీముల్లా గారు అరవై కిలోమీటర్ల అవతల ఉన్నారు, ఇంక అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు ఆయన మాట గుర్తొచ్చింది. నిండుగానా, మసగ్గానా?

కొంగు నడుముకి దోపి, లోపలికి వంగి, ఆల్టర్నేటరు వెనక నట్టు మీద ఎర్ర ముల్లు ఆనించాను. పద్నాలుగు పాయింటు అయిదు. అక్కడ పుడుతూనే ఉంది! అక్కడి నుంచి బ్యాటరీ దాకా మూరెడు దూరం. ఆ మూరెడులో ఎక్కడో ఆగిపోతోంది.

లావు తీగ వెంట వేలు పెట్టి వచ్చాను. బ్యాటరీ ప్లస్ మొన దగ్గర ఒక రబ్బరు టోపీ ఉంది. అది ఎత్తితే లోపలంతా పచ్చటి పొడి. తీగ చివర బిగించిన నట్టు వేలితో కదిపితే కదిలింది.

నాగమణి తొంగి చూసి, ‘ఓస్, పచ్చ చిలుమా!’ అంది. ‘మా పడవ ఇంజనుకీ పట్టుద్ది అక్కా. ఉప్పుగాలి గదా. చింతపండేసి తోమితే పోద్ది. స్పానరు కావాలా? మా ఆయన పెట్టెలో ఉన్నాయి.’

ఇంక మిగిలింది ఒకటే. నట్టు విప్పాలంటే ఇంజను ఆపాలి. ఆపితే బ్యాటరీ బలం చాలక మళ్లీ తిరగకపోవచ్చు. తిరుగుతున్న ఇంజను ఒక్కటే అప్పటికి నాకున్న ధైర్యం. అరుగు వైపు చూశాను. గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని, వేళ్లు మడుస్తూ ఊపిరులు లెక్కపెట్టుకుంటున్నారు.

‘ఆపల్ల’ అన్నాను.

కళ్లు తెరిచారు. ‘ఆపు శారదా. నేనుండా గదా.’

ఆపాను. వాన చప్పుడు ఒక్కసారిగా పెద్దదయింది.

నాగమణి ఇచ్చిన స్పానరుతో ముందు మైనస్ విప్పి పక్కకి పెట్టాను, తర్వాత ప్లస్ దగ్గరి నట్టు విప్పాను. తీగ చివరి రింగుని ఆమె చింతపండూ కొబ్బరిపీచూ పెట్టి, ఇత్తడి చెంబు తోమినట్టు తోమింది. రాగి ఎర్రగా బయటపడింది. నీళ్లతో కడిగి, నా కొంగుతో పొడిగా తుడిచాను. పెట్టి బిగించాను. ఇంక తిరగదు అన్నంతవరకూ బిగించాను.

తాళం తిప్పితే ‘టక్’.

‘తోయాలి’ అన్నాను.

మగవాళ్లు లేరని నాకు గుర్తొచ్చేలోపే నాగమణి అరుగెక్కి కేకేసింది. ‘ఒసే, ఓ చెయ్యెయ్యండే!’ ఇళ్లలోంచి ఆరుగురు ఆడవాళ్లు వానలోకి వచ్చారు. చేతుల్లో వలదారాలతో ఒకామె, అట్లకాడతో ఒకామె. నేను క్లచ్చు నొక్కి రెండో గేరు వేసి కూర్చున్నాను. పడవలు తోసిన చేతులు కదా, ‘హైలెస్సా’ అని ఒక్క తోపు తోసేసరికి కారు బురదలో జారుకుంటూ ముందుకి దూకింది. క్లచ్చు వదిలాను. ఒక కుదుపు, ఇంకో కుదుపు. ఇంజను అందుకుంది.

దిగి మీటరు పెట్టాను. ఆరుగురూ నా భుజాల మీంచి తొంగి చూస్తున్నారు. పదమూడు పాయింటు ఆరు. పదమూడు పాయింటు తొమ్మిది. పద్నాలుగు. పద్నాలుగు పాయింటు ఒకటి.

‘వచ్చిందా అక్కా?’

మీటరు ఆమె వైపు తిప్పి తల ఊపాను.

మా ఆయన్ని కారులో కూర్చోబెట్టి మిషను సాకెట్లో పెట్టాం. పచ్చదీపం. ముక్కుకి గొట్టం తగిలించుకుని, పది నిమిషాలు కూర్చున్నారు. పెదాలకి రంగు తిరిగొచ్చాక ఆయనన్న మొదటి మాట, ‘ఈ ఇంట్లో ఏందో చేపల పులుసు వాసన వస్తాంది.’

నాగమణి పగలబడి నవ్వింది. ఇంజను తిరుగుతూ ఉండగానే కారులోకి పళ్లెం అందించింది. మా ఊళ్లో మాంసం తింటాం గాని చేప తినడం మాకు సరిగ్గా రాదు. ఆమె కిటికీ దగ్గర నిలబడి, చిన్నపిల్లాడికి తీసినట్టు ముళ్లు తీసి ఆయన పళ్లెంలో వేసింది. ఆయన సిగ్గుపడలేదు.

సాయంత్రం నాలుగింటికి చెట్టు తొలగింది. ‘రేపు పొద్దున్నే రండి. మా మరిది ట్రాక్టరు ఉంది, ఇసకలో మీ కారు పోదు’ అంది నాగమణి. అవనిగడ్డ చేరాక ఫోను కలిసింది. కరీముల్లా గారికి అంతా చెప్పాను.

‘ఆ టోపీ ఎత్తి చూడాల్సింది నేనమ్మా. కొత్త బ్యాటరీ కదా, బిగించే ఉంటారులే అనుకున్నాను. నా పొరపాటు’ అన్నారు. వెంటనే, ‘మీటరు ఎంత చూపిస్తోంది?’

‘పద్నాలుగు పాయింటు రెండు.’

‘అయితే ఇంక నా అవసరం లేదు. మీరు సముద్రం చూసిరండి.’

సంగమం

ట్రాక్టరు తొట్టిలో ప్లాస్టిక్ కుర్చీ వేసి మా ఆయన్ని కూర్చోబెట్టారు. ఒక పక్క నాగమణి, ఇంకో పక్క నేను కుర్చీ పట్టుకున్నాం. ఇసుకలో ఊగుకుంటూ వెళ్తుంటే ఆయన ఊరేగింపులో దేవుడిలా ఉన్నారు. ఆ మాటే అంటే, ‘దేవుడికి ముక్కులో గొట్టం ఉండదు మే శారదా’ అన్నారు.

ట్రాక్టరు ఆగింది. ఎడమ వైపు సముద్రం అలలు అలలుగా వస్తోంది. కుడి వైపు నది, గాలికి సన్నగా ముడతలు పడుతూ మెల్లగా కదులుతోంది. మధ్యలో నీటి మీద ఒక నురగ చార. అది ఒకచోట నిలబడదు, ముందుకీ వెనక్కీ జరుగుతూ ఉంటుంది. ఆయన చెప్పులు విప్పి దిగారు.

మిషను నా భుజానికి తగిలించుకున్నాను. గొట్టం పొడవు ఆరడుగులే కాబట్టి ఆయన వెళ్లిన చోటికల్లా నేనూ వెళ్లాలి. చీలమండల లోతు నీళ్లలో నిలబడ్డాం. ఆయన వంగి వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నారు. నది వైపు పది అడుగులు నడిచి, ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ వేలు ముంచారు.

‘ఏం చేస్తుండారు?’ అన్నాను.

‘ఉప్పు యాడ ఆగిపోతుందో చూస్తాండా.’

నేనూ వేలు ముంచి చూశాను. ఉప్పే. ఇంకో పది అడుగులు వేశాం. ఉప్పే. వెనక నుంచి నాగమణి అరిచింది. ‘మాస్టారూ, అది పైకంటా ఉప్పే! సముద్రం పోటు మీదుంటే మైళ్ల తరబడి ఎక్కుద్ది!’

ఆయన విన్నారు. తల ఊపారు. నా వైపు తిరిగి, ‘మిషన్లో ఎంతుంది?’ అన్నారు.

‘మూడు గీతలు.’

‘అయితే పోదాం పా.’

నా చెయ్యి పట్టుకున్నారు. ఇంకో పది అడుగులు నడిచాం. ఆగాం. మళ్లీ నడిచాం.